కొండ మీది కుండ

"తూ!"

ముసలాయన ఉమ్మేశాడు. ఉమ్మింది సగం దుప్పటి మీద పడింది, సగం ఎదురుగా చెంచా పట్టుకుని వంగిన పెద్దకొడుకు చొక్కా మీద పడింది.

"ఇది నా పెరుగు కాదురా!"

పెద్దకొడుకు బిక్కచచ్చిపోయాడు. పాపం, తెల్లారకముందే పెళ్ళాన్ని వెంటబెట్టుకుని కొండ మీద బస్సెక్కిన మనిషి. మలుపు మలుపుకీ కుండని పసిబిడ్డలా ఒళ్ళో పొదివి పట్టుకుని పట్నంలో దిగాడు. తమ్ముడి ఇంట్లో అడుగుపెట్టి ఇంకా మంచినీళ్ళైనా తాగలేదు. నాన్న తింటాడు, నా చేతి పెరుగు తిని లేచి కూర్చుంటాడు అన్న ఒక్క ఆశతో వచ్చాడు.

"నాన్నా, నిన్న సాయంత్రం నా చేత్తో తోడుపెట్టాను. మన పాకలోదే. మన ఆవుల పాలే."

"ఎవరికి చెప్తావురా? జన్మంతా ఆ పాకలో పొగ పీల్చినవాణ్ణి, నాకు చెప్తావా? పాలల్లో నీళ్ళు కలిపావు. కుండకి పొగ పట్టనే లేదు. పులిసి, విరిగి, పైన నీళ్ళు తేలి... ఛీ ఛీ!"

"దారిలో కుదుపులకి కదిలింది నాన్నా. కిందకి దిగేకొద్దీ ఎండ..."

"మరి ఇన్నాళ్ళూ నువ్వు బస్సులో పంపిన కుండలు కదల్లేదా? వాటికి ఎండ తగల్లేదా? ఇవాళ పొద్దున కూడా తిన్నాను. చెంచా గుచ్చితే నిలబడింది! కావాలంటే చిన్నమ్మాయిని అడుగు. అడగరా!"

అందరి కళ్ళూ గుమ్మం వైపు తిరిగాయి.

చిన్నకోడలు మెడలో కొలత టేపుతో అక్కడే నిలబడి ఉంది. ముందుగది కిటికీ దగ్గర సగం కుట్టిన జాకెట్టు మిషను మీద అలాగే ఉంది. ఆమె ఏమని చెప్తుంది? నోరు తెరిస్తే ఒక ప్రాణం పోతుంది, మూస్తే ఒక పరువు పోతుంది. చివరికి తడిగుడ్డ తెచ్చి దుప్పటి తుడవడం మొదలుపెట్టింది.

"చూశావా?" అన్నాడు ముసలాయన. "ఆ పిల్ల మర్యాద కొద్దీ మాట్లాడటం లేదు. చావబోయే ముసలాడికి నాలుక కూడా చచ్చిపోయి ఉంటుందనుకున్నావు కదూ? కింద పడి విరిగింది తుంటి ఎముకరా, నాలుక కాదు."

"నాన్నా, ఒట్టు..."

"ఒట్లు పెట్టకు. పాక తాళాలు ఇక్కడ పెట్టు. రేపటినించీ ఆ పొయ్యి నువ్వు ముట్టుకోవడానికి వీల్లేదు."

గోడకి ఆనుకుని ఉన్న పెద్దకోడలు చెయ్యి టక్కున నడుముకి పోయింది. తాళాల గుత్తి అక్కడే ఉంది. ఆ పాకలో చేసి అమ్మే పెరుగే వాళ్ళకి కూడూ గుడ్డా. తెల్లవారుజామున పాలు కాచేది ఆమె, కుండలు కడిగేది ఆమె, బొగ్గు మసితో గోళ్ళు నల్లబడ్డదీ ఆమెకే.

"మామయ్యా, ఆయన..." అంది.

"నువ్వు మాట్లాడకు. మొగుడికి తెలిసి చేశావో తెలియక చేశావో, నువ్వూ దొంగవే."

ఆ మాటతో పెద్దకోడలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకాలే గిన్నె ఒకటి దభీమని పడిన చప్పుడు వినిపించింది.

*

వంటిల్లంటే పెద్ద వంటిల్లేమీ కాదు. ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు గుమ్మంలో ఆగాల్సిందే. పెద్దకోడలు సింకు అంచు పట్టుకుని నిలబడి ఉంది. చిన్నకోడలు లోపలికి రాగానే గిర్రున తిరిగింది.

"ఏం నూరిపోశావే ఆయన చెవిలో?"

"అక్కా, నేనేమీ..."

"మేం పంపిన కుండలన్నీ దేవుడి ప్రసాదాలు, చేత్తో పట్టుకొచ్చింది మాత్రం మురికినీళ్ళూనా? ఎక్కడన్నా విన్నావా ఇలాంటిది? అదే పాలు, అదే తోడు, అదే చెయ్యి! మీకు ఆ పాక కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా. ముసలాయన చేత దొంగా అనిపించాలా?"

"పాక మాకెందుకక్కా? నాకు కుట్టుపని ఉంది, ఆయనకి లిఫ్టుల పని ఉంది..."

"మరి నోరు ఎందుకు మూసుకున్నావు? అడిగాడుగా నిన్ను! బస్సులో వచ్చినవి కూడా ఇలాగే విరిగి వచ్చాయి మామయ్యా అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది?"

చిన్నకోడలు గిన్నె కడగబోయి కుళాయి విప్పింది. కుళాయి కింద గిన్నె నిండి పొంగిపోతున్నా కట్టేసే ధ్యాస లేదు.

చివరికి అటక కిందున్న అర దగ్గరికి వెళ్ళి, పాత రగ్గులో చుట్టిన కుండని రెండు చేతులా దింపింది. మూత తీసి తోడికోడలి ముందు పెట్టింది.

గట్టిగా, మీగడ కట్టి, కొంచెం పొగ వాసన వేస్తూ పెరుగు. ఒక పక్క చెంచాతో తీసిన గంటు.

"ఇదేంటి?"

"ఆయన పొద్దున తిన్నది."

"మాదేనా?"

"కుండ మీది. తోడు మీది. పాలు మా వీధి పాలవాడివి. రాత్రి నేను తోడుపెట్టాను అక్కా. మొన్నా నేనే. అటుమొన్నా నేనే."

ఇక దాచి ప్రయోజనం లేదని మొత్తం చెప్పేసింది. వానలకి కొండచరియ పడి దారి మూసుకుపోయినప్పుడు మొదలైందది. అప్పటికే ముసలాయన ఆసుపత్రిలో ముక్కులో పెట్టిన గొట్టం పీకి పారేసి, ఇంకోసారి పెడితే మంచం కోడుకి తల కొట్టుకుంటానని డాక్టరు మొహం మీదే చెప్పి ఇంటికొచ్చాడు. ఈ ఊరి నీళ్ళు నీళ్ళు కాదు, ఈ ఊరి పాలు పాలు కాదు, నా ఊరిది పెడితే తింటాను, లేకపోతే పోతాను. అదీ ఆయన పట్టు. కుండ వచ్చినంతకాలం, పులిసినా గొణుక్కుంటూ రెండు చెంచాలు మింగేవాడు. దారి మూసుకుపోగానే నోరు మూసేశాడు. ఆయన కళ్ళు లోపలికి పోతుంటే చూడలేక, ఆమె ఖాళీ కుండ ఒకటి తీసుకుని మేడ మీదకి వెళ్ళింది. పెళ్ళైన కొత్తలో పాకలో చూసినట్టే చితుకులు రాజేసి, కుండని బోర్లించి పొగ పట్టించింది. మర్నాడు బస్సులో వచ్చింది మామయ్యా అని నోట్లో పెట్టింది.

"తిన్నారక్కా. గిన్నె నాకి మరీ తిన్నారు. మా ఊరి నీళ్ళ మహిమ చూశావా అమ్మాయ్ అన్నారు. ఏం చెప్పమంటావు? దారి తెరిచాక మీ కుండలు వచ్చాయి. విరిగి నీళ్ళైపోయి వచ్చాయి. అవి పెడితే మళ్ళీ నోరు మూస్తారని..."

"పారబోశావా?"

చిన్నకోడలు తల దించుకుంది.

"నా మొగుడు నిద్ర మానుకుని తోడుపెట్టి పంపింది, మోరీలో పోశావా?"

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. పెద్దకొడుకు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. ఆయన వెనకాల చిన్నకోడలి మొగుడు, పనిలోంచి పరుగెత్తుకుని వచ్చినట్టున్నాడు, చేతులకి ఇంకా గ్రీజు ఉంది.

పెద్దకొడుకు ముందుకొచ్చి కుండలోకి వేలు పెట్టి, నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"పొగ కాస్త ఎక్కువైంది," అన్నాడు.

ఇంకోసారి వేలు ముంచి నాకి, "బాగుంది," అన్నాడు. ఆ రెండో మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో చెప్పలేం. కొండ మీద తప్ప ఇంకెక్కడా కుదరదని తండ్రి చెప్పగా విని పెరిగినవాడు, తన పిల్లలకి కూడా అదే చెప్పి పెంచినవాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"నాక్కూడా చెప్పలేదు నువ్వు," అన్నాడు మొగుడు.

"చెప్తే మీరు అబద్ధం ఆడలేరండీ. మీ మొహంలో తెలిసిపోతుంది."

"అన్నయ్యని దొంగని చేశావు."

"తెలుసు." కళ్ళు తుడుచుకుంది. "వెళ్ళి చెప్పేస్తాను."

"చెప్తే తినడం మానేస్తాడు," అన్నాడు మొగుడు.

"చెప్పకపోతే మేం ఊళ్ళో తలెత్తుకు తిరగలేం," అంది పెద్దకోడలు. "చెప్పనీ. తప్పు చేసింది చెప్పకుండా ఎలా?"

ఈ ఇద్దరి మధ్యా చిక్కి, కుండని చంకనెత్తుకుని ముసలాయన గదిలోకి నడిచింది చిన్నకోడలు. వెనకాలే మిగతావాళ్ళూ వచ్చారు.

*

"మామయ్యా, బావగారి తప్పేమీ లేదు."

"నువ్వు మంచిపిల్లవు. అందుకే అలా అంటావు."

"కాదు మామయ్యా. మీరు ఇన్నాళ్ళూ తిన్నది ఊరి నుంచి వచ్చింది కాదు. నేను చేశాను. ఇక్కడే, ఈ ఇంట్లో."

ముసలాయన ఆమె వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు మనిషి.

"జాకెట్లు కుట్టే దానివి, నువ్వా నా పెరుగు చేసింది?"

"ఒట్టు మామయ్యా. మేడ మీద పొగ పట్టించాను. పాలవాడి దగ్గర పాలు కొన్నాను. కావాలంటే చూడండి, పొద్దున మీరు తిన్న కుండ ఇదే. ఇదిగో, చెంచాతో తీసిన గంటు!"

ఆయన ఎదుటే గిన్నెలో వేసి చెంచా అందించింది. ముసలాయన అనుమానంగానే నోట్లో పెట్టుకున్నాడు. నాలుక మీద అటూ ఇటూ తిప్పాడు. మొహం ముడుచుకుపోయింది.

"మోరీ వాసన," అన్నాడు.

చిన్నకోడలు కుండ ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"మామయ్యా! పొద్దున ఇదే తిని ఇంకో గిన్నె అడిగారు!"

"పొద్దున తిన్నది కొండ మీదిది. ఇది ఇక్కడిది. నాకు తెలియదా? నీళ్ళలోనే ఉంది పట్నం." గిన్నె పక్కకి తోసేశాడు. "వాణ్ణి కాయడానికి నువ్వెందుకమ్మా ఇంత అబద్ధం ఆడతావు? వాడు కల్తీ చేశాడు, నువ్వు వెనకేసుకొచ్చావు, చిన్నోడు నిలబడి చూస్తున్నాడు. నా ఇంట్లో నాకు నిజం చెప్పేవాళ్ళు ఒక్కళ్ళూ లేరన్నమాట."

"అయ్యో, నిజమే చెప్తున్నాను మామయ్యా!"

"చాలు. ఇంక నాకు ఎక్కడిదీ వద్దు. అక్కడిదీ వద్దు, ఇక్కడిదీ వద్దు."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తిరగడం తిరగడం మళ్ళీ ఇటు తిరగలేదు. మధ్యాహ్నం చిన్నకొడుకు పక్కన కూర్చుని బతిమాలాడు. జావ కాచి తెస్తే కాలితో నెట్టాడు. చెంచాతో నీళ్ళు పోస్తే పెదవి పక్కనించి కారిపోయాయి గానీ గొంతు దిగలేదు. ఆయనకి షుగరు. పొద్దున మందు వేశాక పైన తిండి పడకపోతే ప్రమాదం. ఎండ దిగేసరికి చేతులు చల్లబడ్డాయి. నుదుటి మీద చెమట పట్టింది.

డాక్టరుకి ఫోను చేస్తే, "వెంటనే తీసుకురండి, గొట్టం పెట్టక తప్పదు," అన్నాడు.

ఆ మాట ముసలాయన చెవిన పడింది. గోడ వైపు నించే, నీరసంగా, "గుమ్మం దాటించారో, దారిలోనే నాలుక కొరుక్కుని చస్తాను," అన్నాడు.

అన్నంత పనీ చేస్తాడు. ఆసుపత్రిలో గొట్టం పీకినప్పుడు ముక్కులోంచి కారిన రక్తం తుడిచింది చిన్నకోడలే. ఇప్పుడు ఆమె మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూలబడిపోయింది. నిజం చెప్పి చంపుకున్నానే అని లోలోపల కుమిలిపోతోంది. అబద్ధం ఆడినన్నాళ్ళూ బతికిన మనిషి, నిజం చెప్పిన పూటే చల్లబడిపోతున్నాడు.

పెద్దకోడలు నిష్ఠూరాలు ఆపేసింది. కోపం ఎక్కడ పోయిందో, ముసలాయన అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది.

పెద్దకొడుకు మాత్రం గదిలో లేడు. వరండా కటకటాలు పట్టుకుని, కింద వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. అక్కడే చాలాసేపు ఉన్నాడు. తర్వాత తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, గిన్నె పట్టుకుని బయటికి వచ్చాడు.

ఆ గిన్నెలో ఉన్నది చిన్నకోడలి పెరుగు. ఆమె పోల్చుకుంది.

"బావగారూ, అది వద్దన్నారు కదా..." అంది గొంతు తగ్గించి.

ఆయన వినిపించుకోలేదు. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నాన్నా. ఇటు తిరుగు. నీతో ఒక మాట చెప్పాలి."

ముసలాయన చెవి దగ్గరికి ఇంకా వంగాడు.

"నువ్వన్నది నిజమే నాన్నా. కలిపాను."

ముసలాయన భుజం కదిలింది.

"నీళ్ళు కలిపాను. పొగ కూడా సరిగా పట్టించలేదు. మంచాన పడ్డావు కదా, రుచి తెలియదులే అనుకున్నాను. తప్పైపోయింది."

"ఏమండీ!" అంది పెద్దకోడలు. ముసలాయన కాలి మీద ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నువ్వుండు," అన్నాడు పెద్దకొడుకు వెనక్కి చూడకుండా. "కానీ నాన్నా, ఒక చిన్న కుండ వేరేగా తెచ్చాను. నీళ్ళు కలపంది. నీకిష్టమైన ఎర్రావు పాలు. భయపడి సంచిలోనే దాచాను. ఇదిగో."

ముసలాయన మెల్లగా, మూలుగుతూ ఇటు తిరిగాడు. తిరిగి, ఉన్న ఓపికంతా కూడదీసుకుని కొడుకు చెంప మీద కొట్టాడు. దెబ్బలో బలం లేదు. అయినా పెద్దకొడుకు తల వంచుకుని ఇంకోదానికి సిద్ధంగా ఉన్నాడు.

"కడుపున పుట్టి ఇంత పని చేస్తావురా!"

"తప్పే నాన్నా. తిను. తిని తిట్టు."

మొదటి చెంచా నోట్లో పెట్టాడు. ముసలాయన నాలుక మీద తిప్పుకున్నాడు. కళ్ళు మూతపడ్డాయి. గొంతు కదిలింది. మూసిన కళ్ళలోంచి నీళ్ళు చెంపల మీదకి జారాయి.

"ఇదిరా," అన్నాడు. "ఇదీ! ఎర్రావు వాసన తెలుస్తూనే ఉంది. ఊరి నీళ్ళు ఊరి నీళ్ళేరా."

రెండో చెంచా, మూడోది. చిన్నకొడుకు గోడకి తల ఆనించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వో ఏడుపో ఆయనకే తెలియదు.

కాస్త ఓపిక రాగానే ముసలాయన పెద్దకొడుకు చేతిలోంచి చెంచా లాగేశాడు.

"ఈ చేత్తో నాకు పెట్టకు. చిన్నమ్మాయ్, నువ్వు పెట్టు."

చిన్నకోడలు నేల మీంచి లేచింది. గిన్నె ఆమె చేతుల్లోకి వచ్చింది.

"చూశావా అమ్మా, ఈ దొంగ కోసం ఎంత అబద్ధం ఆడావో," అన్నాడు ముసలాయన. "తాళాలు తియ్యండి. చిన్నోడూ, నువ్వూ చిన్నమ్మాయీ రేపే వెళ్ళి పాక చూసుకోండి. వీడు కల్తీ చేశాడని ఊళ్ళో అందరికీ నేను చెప్పమన్నానని చెప్పండి. ఆ పొయ్యి దగ్గర వీడి నీడ పడకూడదు."

పెద్దకొడుకు భార్య వైపు చెయ్యి చాపాడు.

పెద్దకోడలు నడుము నుంచి తాళాలు తీసింది గానీ ఆయన చేతిలో పెట్టలేదు. గుప్పిట్లో బిగించి పట్టుకుని, మంచానికి ఆ పక్కన నిలబడి, తోడికోడలి కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఆయన చెప్పాల్సింది చెప్పాడు. ఇప్పుడు నువ్వు చెప్పు చెల్లీ," అంది. "నా పిల్లల మీద ఒట్టేసి అడుగుతున్నాను. ఈ పెరుగు ఎవరిదో, ఆ దొంగతనం ఎవరిదో, నీ నోటితో ఇంకొక్కసారి చెప్పు."

"ఏంటి ఆ గొడవ?" అన్నాడు ముసలాయన. "పెట్టమ్మా, ఆకలేస్తోంది."

నోరు తెరిచాడు.

చిన్నకోడలు తోడికోడలి మొహం చూసింది. నేల చూపులు చూస్తున్న బావగారి దెబ్బ తిన్న చెంప చూసింది. తెరిచిన ఆ బోసినోరు చూసింది.

చెంచా నిండా తీసి నోట్లో పెట్టింది.

పెద్దకోడలు తాళాలు మంచం మీద పడేసి, సంచి తీసుకుని, మొగుణ్ణి పిలవకుండానే మెట్లు దిగిపోయింది.